ఆసుపత్రులలో మూత్రపరీక్షాయంత్రములు

ఆసుపత్రి యనగానే మనకు వైద్యుడు జ్ఞప్తికి వచ్చును. శస్త్రచికిత్సలు జరుగు గది జ్ఞప్తికి వచ్చును. మందులు పంచు చోటు జ్ఞప్తికి వచ్చును. ప్రయోగశాల జ్ఞప్తికి రాదు. అది యే నడవ చివరనో, మెట్లక్రిందనో, వెలుతురు చాలని గదిలో నుండును. రోగి దానిని ఒక కిటికీగా మాత్రమే యెరుగును. ఆ కిటికీయొద్ద చిన్న డబ్బీ నుంచి, చీటీ పుచ్చుకొని, ‘ఎల్లుండి రమ్ము’ అను మాట విని వెడలిపోవును. అయినను వైద్యుడు ఏ మందు వ్రాయవలెనో నిర్ణయించునది తరచుగా ఆ కిటికీ వెనుకనున్న గదియే. అట్టి గదిలో జరుగు పనులలో మిక్కిలి సామాన్యమైనదియు, మిక్కిలి నిరాదరణకు లోనైనదియు మూత్రపరీక్ష. ఈ పరీక్షలో తొలిమెట్టును మనుష్యులకు మారుగా యంత్రములచేత నడిపించుట లాభకరమా, నష్టకరమా యను ప్రశ్న నేడు పెద్ద యాసుపత్రుల యధికారుల యెదుట నున్నది. ఇది యంత్రముల నమ్మువారికిని కొనువారికిని మాత్రమే సంబంధించిన బేరము కాదు. ఇందు పేదవాని కూలిదినము గలదు. గర్భిణీస్త్రీ క్షేమము గలదు. నేడు పనిచేయుచున్న మందులు రేపు పనిచేయునా, మానునా యను మహావిషయము గలదు. కావున పాఠకులు దీనిని నీచవిషయముగా నెంచక మాతోపాటు విచారింతురు గాక.

ముందు నేటి పద్ధతి యెట్టిదో చూతము. మూత్రమార్గమున సూక్ష్మజీవులు చేరినవని వైద్యునకు అనుమానము కలిగినచో మూత్రమును కల్చరు పరీక్షకు పంపును. ప్రయోగశాలలోని ల్యాబు టెక్నీషియను కొలతగల తీగెవలయమును అందు ముంచి, దానికి పట్టిన మిల్లీలీటరులో వేయవవంతు మూత్రమును, సూక్ష్మజీవులకు ఆహారమైన పదార్థము పోసి గట్టిపరచిన పళ్ళెముమీద గీయును. ఆ పళ్ళెమును మన శరీరపు వేడికి సరియగు 37 డిగ్రీల పెట్టెలో 18 మొదలు 24 గంటలవరకు నుంచును. సూక్ష్మజీవులున్నచో అవి మరునాటికి చుక్కలుచుక్కలుగా గుంపులు కట్టును. 100 చుక్కలు కనబడినచో మిల్లీలీటరు మూత్రమున లక్ష జీవులున్నవని లెక్క. బోస్టను నగరమున ఎడ్వర్డు కాస్ అను వైద్యుడు 1956లో ఈ లక్ష సంఖ్యను హద్దుగా ప్రతిపాదించెను. రోగలక్షణములు స్పష్టముగా నున్నపుడు అంతకు తక్కువ సంఖ్యనుకూడ వైద్యులు లెక్కింతురు గాని, ఆ హద్దు నేటికిని వ్యవహారమున నున్నది. ఇట్లు పెరిగిన జీవి యేదియో, దానిపై నే మందు పనిచేయునో తెలియుటకు మరియొక దినము పట్టును.

ఈ పద్ధతి నమ్మదగినది. సూక్ష్మజీవిని పెంచి, దానిని మందులకెదుట నిలిపి చూచు పరీక్షను తోసిరాజనదగిన సాధనము సామాన్య ప్రయోగశాలకు ఇంకను లభింపలేదు. చిక్కు వేరొకచోట నున్నది. కల్చరునకు వచ్చు మూత్రములలో హెచ్చుభాగము, అనేక ప్రయోగశాలలలో పదింట ఆరు మొదలు ఎనిమిదివరకు, ఏమియు పెరుగనివే, లేక లెక్కకు రాదగినంతగా పెరుగనివే. అనగా ప్రయోగశాల తన పళ్ళెములలోను, కాలములోను, కన్నుల శ్రమలోను పెద్దపాలు ‘లేదు’ అను మాట చెప్పుటకే వినియోగించుచున్నది. ఆ మాట చెప్పుట యవసరమే. కాని దానిని చెప్పుటకు ఒక రాత్రియు నొక పగలును గడువవలసి యున్నది. ఈ వ్యవధిలో రోగి యూరకుండడు, వైద్యుడును ఊరకుండడు. ఉండునో లేదో తెలియని సూక్ష్మజీవికై యాంటీబయాటిక్కు మందు అప్పుడే ఆరంభమగును.

మూత్రమును చూచి రోగమును తెలిసికొనవలెనను ప్రయత్నము క్రొత్తది కాదు. మన పూర్వవైద్యులు మూత్రముపై నూనెబొట్టు వైచి, అది వ్యాపించు తీరును చూచు తైలబిందుపరీక్షను గ్రంథములందు వర్ణించిరి. పాశ్చాత్యవైద్యులును శతాబ్దములకొలది గాజుపాత్రను వెలుతురున కెత్తి మూత్రపు రంగును పరికించిరి. 1879లో జర్మను రసాయనవేత్త పీటర్ గ్రీస్ నైట్రైటును రంగుమార్పుచేత కనుగొను విధానమును ప్రకటించెను. 1956లో హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతుల కృషివలన, మూత్రమున ముంచినంతనే చక్కెరను జూపు కాగితపు పట్టీ వాడుకలోనికి వచ్చెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో గూడి 1925లో ప్రకటించిన భాస్వరపు కొలత ఆ యిద్దరి పేరుతోనే లోకప్రసిద్ధమైనది. కావున ప్రయోగశాలలో నొక మంచి కొలతకు విలువ యెంతయో తెలుగువారికి నొకరు బోధింప నక్కరలేదు.

నేటి కాగితపు పట్టీలు నైట్రైటునుగూడ చూపగలవు; తెల్లకణముల జాడనుగూడ చూపగలవు. వాని వెల స్వల్పము. గ్రామవైద్యశాలకును అవి అందుబాటులో నున్నవి. కాని సూక్ష్మజీవులన్నియు నైట్రైటును పుట్టింపవు. పుట్టించునవియైనను మూత్రము కొన్నిగంటలు మూత్రాశయమున నిలిచిననే గాని కనబడునంతగా పుట్టింపవు. కావున పట్టీ ‘కలదు’ అనిన మాట కొంత నమ్మదగినది. ‘లేదు’ అనిన మాటమీద మాత్రమే యాధారపడి రోగిని పంపివేయుట సాహసము.

ఇక యంత్రముల సంగతి. వీనిలో ముఖ్యమైన తెగ యిట్లు పనిచేయును. మూత్రమునకు కాంతినిచ్చు రంగును కలిపి, దానిని సన్నని ధారగా, కణములు చీమలబారువలె ఒకదాని వెనుక నొకటి సాగునట్లు, లేజరు కిరణము నెదుట నడపును. ప్రతికణమును చెదరగొట్టు వెలుగును, రంగువలన విరజిమ్ము వెలుగును కొలిచి, ఇది సూక్ష్మజీవి, ఇది తెల్లకణము, ఇది యెర్రకణము అని వేరుచేసి లెక్కించును. జపాను దేశమున కోబె నగరమందలి సిస్మెక్సు కంపెనీ యంత్రములు ఈ తెగలో పేరుగాంచినవి. వేరొక తెగ యంత్రములు మూత్రపు కణముల ఛాయాచిత్రములను తీసి, ఆ చిత్రములనుండి వానిని గుర్తించును. మొదటి తెగలోని పెద్దయంత్రము గంటకు సుమారు 100 నమూనాలను చూడగలదు. ఒక్కొక్కదాని ఫలము నిమిషములలో తెలియును.

ఇంతవరకు విన్నవారికి కల్చరు పళ్ళెముతో నిక పనిలేదని తోచవచ్చును. అది పొరపాటు. ఈ యంత్రము సూక్ష్మజీవి యున్నదని చెప్పునుగాని, దాని కులగోత్రములు చెప్పలేదు. దానిపై నే మందు పనిచేయునో బొత్తిగా చెప్పలేదు. దీని పని కళ్ళములో చేటచేసెడి పనివంటిది. చేట అన్నము వండదు. పొల్లును తొలగించి గింజను మిగుల్చును. యంత్రము స్పష్టముగా సూక్ష్మజీవులు లేని మూత్రములను ప్రక్కకుతీసి, అనుమానింపదగిన వానిని మాత్రము కల్చరునకు పంపును. ‘లేదు’ అని త్వరగా, నమ్మదగినట్లుగా చెప్పుటయే దాని ముఖ్యవిద్య. ఆ విద్యకు మనము చెల్లింపవలసిన వెల యెంత? అందువలన లభించు ఫలమెంత? విచారింపవలసినది యిదియే.

బ్రిటను, జర్మనీ, జపాను మొదలగు దేశములలో ప్రయోగశాలోద్యోగి వేతనము మిక్కిలి హెచ్చు. అచ్చటి పెద్ద ప్రయోగశాలలకు దినమునకు వందలకొలది మూత్రములు వచ్చును. వానిలో సగమును యంత్రము తొలగించినచో ఆ మేరకు మనుష్యశ్రమ మిగులును. మిగిలిన శ్రమయే యంత్రపు వెలను తీర్చును. మనదేశమున పరిస్థితి తలక్రిందు. ఇచ్చట మనుష్యశ్రమ చౌక. ఇట్లు చౌకగా నుండుట మనకు గౌరవము కాదను సంగతి వేరు. యంత్రమును, అందు పోయు రసాయనమును మాత్రము హెచ్చుగా పరదేశపు ధరలకే వచ్చును. కావున పరదేశముల జమాఖర్చులను తెచ్చి మన యాసుపత్రులకు అతికించుట, పొరుగింటి పెండ్లిఖర్చు చూచి మనయింట పందిరి వేయుటవంటిది. మన లెక్కను మనమే వేసికొనవలెను.

లెక్కయొక్క తీరు తెలియుటకై ఒక యుదాహరణము తీసికొందము. ఇందలి యంకెలు మేము ఊహించుకొన్నవే గాని ఏ యాసుపత్రివియు కావు. ఒక యాసుపత్రికి దినమునకు 200 మూత్రములు వచ్చుననుకొందము. ఒక్కొక్క కల్చరునకు పళ్ళెము, శ్రమ, విద్యుత్తు సమస్తమును గలిపి 60 రూపాయలగుననుకొందము. మొత్తము 12,000 రూపాయలు. యంత్రము వచ్చి సగమును తొలగించినదనుకొందము. కల్చరునకు 100 మిగులును. వాని ఖర్చు 6,000 రూపాయలు. కాని యంత్రము 200 మూత్రములనును చూడవలెను గదా. యంత్రపరీక్షకు ఒక్కింటికి 20 రూపాయలైనచో 4,000 చేరి మొత్తము 10,000 అగును. దినమునకు 2,000 రూపాయలు మిగులును. అదే 30 రూపాయలైనచో 12,000 అగును. లాభమును లేదు, నష్టమును లేదు. 45 రూపాయలైనచో 15,000 అగును. దినమునకు 3,000 రూపాయలు చేతినుండి పడును. దీనినుండి తేలిన సూత్రము సులభము: యంత్రము నూటికెన్నింటిని తొలగించునో, ఒక కల్చరు ఖర్చులో నూటికన్ని పాళ్ళకు లోబడి యంత్రపరీక్ష ముగియవలెను. సగము తొలగించినచో సగము ఖర్చునకు లోబడవలెను. నూటికి 40 మాత్రమే తొలగించినచో 60 రూపాయలలో 24 రూపాయలకు లోబడవలెను.

రెండవ సంగతి యేమనగా, యంత్రపరీక్ష వెల స్థిరమైనది కాదు. యంత్రపు బాడుగ, మరమ్మతు, ప్రతిదినమును చేయవలసిన సరిచూపు పరీక్షలు, ఇవి నమూనాలు తక్కువైనను తగ్గవు. ఈ ఖర్చు దినమునకు 2,000 రూపాయలనుకొన్నచో, 200 నమూనాలు వచ్చుచోట ఒక్కింటికి 10 రూపాయలు పడును. 20 నమూనాలు వచ్చుచోట 100 రూపాయలు పడును. కావున పెద్ద బోధనాసుపత్రికి తగినది చిన్న తాలూకా యాసుపత్రికి తగదు. ప్రతి యాసుపత్రికిని ఒక యంత్రమను నినాదము వినుటకు సొంపుగా నుండవచ్చును, లెక్కకు నిలువదు.

ఇచ్చట కొనుగోలుపద్ధతినిగూర్చి ఒకమాట చెప్పకతప్పదు. ఇట్టి యంత్రములను పలుచోట్ల వెలకు అమ్మరు. ఊరకయే తెచ్చి నిలుపుదురు. కాని ఇన్నియేండ్లు, ఇంత పరిమాణమునకు తక్కువగాకుండ, మాయొద్దనే రసాయనములను కొనవలెనని ఒడంబడిక వ్రాయింతురు. ఆ యంత్రమున ఇతరుల రసాయనము సాధారణముగా పనిచేయదు. ఏనుగు నిచ్చి యంకుశమును దాచుకొనుట యనగా నిదియే. యంత్రము ఉచితముగా వచ్చినదని సంతోషించు అధికారి మూడేండ్లపిదప రసాయనపు ధర హెచ్చినపుడు ఎవరితో మొరపెట్టుకొనును? నిలుపుదల చేయుదమన్నచో అప్పటికి పళ్ళెములు పోయు వాడుకయు, వానిని చదువగల కన్నును ప్రయోగశాలలో తరిగిపోయియుండును. ఒడంబడికలో ధరకు హద్దు, మరమ్మతునకు గడువు, యంత్రము నిలిచిన దినములకు పరిహారము స్పష్టముగా వ్రాయించుకొననిచో కొనకుండుటయే మేలు. మన యింజనీరింగు కళాశాలలును, జీవరసాయన పరిశ్రమలును గల దేశమున, రంగుకలిపిన యొక ద్రవమునకై యెల్లకాలమును పరులమీద నాధారపడుట తగునా యను ప్రశ్నను పాలకులు తమకుతామే వేసికొందురు గాక.

ఇంతవరకు మేము వేసినది ఆసుపత్రి లెక్క. రోగి లెక్క వేరొకటి గలదు. అది యే చిఠ్ఠాలోను ఎక్కదు. పల్లెనుండి వచ్చిన కూలివాడు తన భార్య మూత్రము నిచ్చుటకు ఒక దినము, ఫలమునకై ఒక దినము, ఆ ఫలమును వైద్యునకు జూపుటకు మరియొక దినము తిరుగును. మూడు దినముల కూలి పోవును. ఇద్దరి బస్సుఖర్చు పోవును. పిల్లలను పొరుగువారికి అప్పగించిన మొగమాటము మిగులును. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష యుచితము. కాని ఆ యుచితపరీక్షకు వాడు చెల్లించిన వెల కల్చరు ఖర్చుకంటె అనేకరెట్లు. యంత్రము గంటలో ‘లేదు’ అని చెప్పగలిగినచో, అతనికి రెండు ప్రయాణములు తప్పును. మా యభిప్రాయమున యంత్రము మిగుల్పగల నిజమైన ధనము ఇదియే. అది మిగుల్చునది పళ్ళెములు కాదు, దినములు.

కాని ఆ దినము రోగికి దక్కునా? ఇచ్చటనే అసలు పరీక్ష. ఉదయము పదిగంటలకు యంత్రము ఫలము చెప్పినను, కాగితము మరునాటి సాయంకాలమునకే కిటికీయొద్దకు వచ్చు ఆచారమున్నచో, మధ్యాహ్నము పండ్రెండింటికి వైద్యుడు లేచిపోవు ఆచారమున్నచో, యంత్రపు వేగమంతయు బల్లసొరుగులో నిద్రించును. వ్రతమును చెడును, ఫలమును దక్కదు. కావున ఏ యాసుపత్రి యీ యంత్రమును కొనదలచినను ముందుగా నొక ప్రశ్నకు సమాధానము చెప్పవలెను: ఉదయము వచ్చిన మూత్రపు ఫలము అదేదినము వైద్యుని చేతికి చేరునా? చేరదన్నచో యంత్రమునకు పెట్టు ధనముతో ముందు ఆ మార్గమును బాగుచేయవలెను.

దినమునకుగల విలువ కూలితో ముగియదు. సూక్ష్మజీవులున్నవో లేవో తెలియక ఆరంభించిన మందు, ఫలము తెలిసినపిదప ఆగుట యరుదు. ఆరంభించినవాడు ముగించును, ముగింపనివాడు సగములో మాని మిగిలిన మాత్రలను ఇంట దాచును. ఇట్లు అవసరములేని మందులకు అలవాటుపడిన సూక్ష్మజీవులు అవసరమైననాడు మందును లెక్కచేయవు. సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లే ప్రయోగశాలలయందే బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ తరమువారు రాత్రింబవళ్ళు శ్రమించి సంపాదించిన ఆయుధములను మనము పిల్లలు టపాకాయలు కాల్చినట్లు కాల్చివేయుచున్నాము. 2008లో స్వీడను దేశమున నొకరోగి మూత్రమునుండి, మిక్కిలి బలమైన మందులనుగూడ త్రోసిరాజను సూక్ష్మజీవి బయల్పడెను. ఆ రోగి యంతకుముందు ఢిల్లీలో చికిత్స పొందియుండుటచేత, ఆ శక్తినిచ్చు పదార్థమునకు శాస్త్రజ్ఞులు మన రాజధాని పేరే పెట్టిరి. 2010లో ఆ పేరు లోకమున మారుమ్రోగినపుడు మనదేశము కోపించినది. కోపము సహజమే. కాని పేరు మాన్పించుటకంటె ఆ పేరునకు హేతువైన దురలవాటును మాన్పించుట దేశగౌరవమునకు ఎక్కువ మేలు. కేంద్రప్రభుత్వము 2017లో ఈ విషయమై జాతీయకార్యప్రణాళికను ప్రకటించినది. ప్రణాళిక కాగితముమీద నుండును. దాని యమలు వైద్యుని చీటీమీద నుండును. ‘మూత్రమున సూక్ష్మజీవులు లేవు’ అను మాట అదేదినము వైద్యునకు అందినచో, ఆ చీటీనుండి ఒక మందు కొట్టివేయబడును. అట్టి కొట్టివేతలు వేలకొలది జరిగిననాడే ప్రణాళిక ఫలించినట్లు.

యంత్రమును మెచ్చుకొనుచు దాని యపాయమును మరువరాదు. పొల్లుతోపాటు గింజనుగూడ చెరిగివేయు చేట యుండవచ్చును. యంత్రమున హద్దును ఎచ్చట నుంచవలెనను విషయము మన చేతిలోనిది. హద్దును మీదికి జరిపినచో హెచ్చు మూత్రములు తొలగిపోవును. లెక్క లాభముగా కనబడును. కాని నిజమైన రోగులు కొందరు జారిపోవుదురు. క్రిందికి జరిపినచో రోగులు జారిపోరు. కాని తొలగునవి తగ్గి ఖర్చు పెరుగును. లాభము చూపవలెనను ఆతురతచే హద్దును మీదికి జరుపు ప్రయోగశాల రోగి ప్రాణముతో జూదమాడినట్లే. ముఖ్యముగా గర్భిణులను తలచుకొందము. వారిలో కొందరికి మంటయు, జ్వరమును లేకుండగనే మూత్రమున సూక్ష్మజీవులుండును. తెల్లకణములును అంతగా కనబడకపోవచ్చును. కనిపెట్టి చికిత్స చేయనిచో కొందరికి ఆ జీవులు మూత్రపిండములకెక్కును; నెలలు నిండకమునుపే కాన్పు వచ్చు ప్రమాదమును గలదు. కావున గర్భిణుల మూత్రమును, పసిపిల్లల మూత్రమును, రోగనిరోధశక్తి క్షీణించినవారి మూత్రమును, మూత్రమార్గమున శస్త్రచికిత్సకు సిద్ధముగా నున్నవారి మూత్రమును యంత్రపు తీర్పునకు విడువక నేరుగా కల్చరు చేయవలెనని మా దృఢాభిప్రాయము. అందువలన లాభము కొంత తగ్గినను తగ్గుగాక.

మరియొక సంగతి. ఏ యంత్రమైనను మురికిమూత్రమును శుభ్రమూత్రముగా మార్చలేదు. నడిమిధారను పట్టవలెనని, ముందు కడుగుకొనవలెనని రోగికి తెలుగున, వానికి తెలియు మాటలలో చెప్పువారు కావలెను. చెప్పినట్లు చేయుటకు నీళ్ళుగల మరుగుదొడ్డి కావలెను. పట్టిన మూత్రము రెండుగంటలలో ప్రయోగశాలకు చేరవలెను. లేదా మంచుపెట్టెలో నుంచవలెను. లేదా బోరికామ్లము వేసిన డబ్బీలో పట్టవలెను. మూత్రరోగములకు ప్రధానకారణమైన ఎషరీషియా కోలై యను జీవి అనుకూలస్థితిలో 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన మూడుగంటలలో ఒకటి 512 అగును. ఎండలో బల్లమీద నిలిచిన డబ్బీని చూచి పళ్ళెము మోసపోవును, యంత్రమును మోసపోవును. తెలంగాణమున 2018లో ఆరంభమైన ప్రభుత్వ రోగనిర్ణయపథకమువలె, చిన్నవైద్యశాలలనుండి నమూనాలను సేకరించి పెద్ద ప్రయోగశాలకు చేర్చు ఏర్పాటులలో ఈ జాగ్రత్త మరింత యవసరము. అట్టి ఏర్పాటువలన ఒకచోట నమూనాలు హెచ్చుగా చేరి యంత్రపు వెల తగ్గును, అది లాభము. కాని దారిలో గడచు గంటలు మూత్రమును పాడుచేయును; అది నష్టము. మంచుపెట్టె కొనుటకు చేయిరాక లేజరు యంత్రమును కొనువారిని చూచి యేమనవలెను?

యంత్రము వచ్చినచో ల్యాబు టెక్నీషియనులకు పనిపోవునను భయము కొందరికి గలదు. మన ప్రయోగశాలలను చూచినవారికి ఆ భయము నిలువదు. పనికి మనుష్యులు చాలక, ఒక్కరే నలుగురి పని చేయుచున్న చోట్లే యెక్కువ. ‘లేదు’ అని చెప్పు పనినుండి విడుదలయైన చేతులను, పెరిగిన జీవిని సరిగా గుర్తించుటకును, ఏ మందు పనిచేయునో తేల్చుటకును, ఆ ఫలములను ఏడాదికొకసారి క్రోడీకరించి తమ ఊరి వైద్యులకు అందించుటకును వినియోగింపవలెను. ఏ యూరిలో ఏ మందు పనిచేయుటలేదో తెలిసిన వైద్యుడు సగము గెలిచినవాడు. పొదుపు పేరుతో యంత్రమును తెచ్చి, ఆ పేరుతోనే ఉద్యోగములను ఖాళీగా నుంచినచో, వచ్చిన మేలు వచ్చినదారినే పోవును.

ఇంతకును మా సూచన లివి. దినమునకు వందలకొలది మూత్రములు కల్చరునకు వచ్చు బోధనాసుపత్రులలోను, కేంద్రప్రయోగశాలలలోను మాత్రమే ముందు ఈ యంత్రములను విచారింపవలెను. కొనుటకు ముందు కొన్నివారములపాటు వచ్చిన ప్రతి మూత్రమును రెండువిధములను పరీక్షించి, యంత్రము ‘లేదు’ అన్నవానిలో ఎన్నింట సూక్ష్మజీవులు పెరిగినవో లెక్కతీసి, ఆ లెక్కనుబట్టియే హద్దును నిర్ణయింపవలెను. ఆ లెక్కను ప్రజలకు వెల్లడింపవలెను. ఒక్కొక్క పరీక్షకు పడిన మొత్తము ఖర్చును, అదేదినము వైద్యునకు చేరిన ఫలముల సంఖ్యను, అందువలన ఆగిన మందుల సంఖ్యను ఏటేట ప్రకటింపవలెను. ఈ మూడంకెలు చెప్పలేని ఆసుపత్రి యంత్రము కొన్నదనుటకు ఋజువుండునుగాని పొదుపు చేసినదనుటకు ఋజువుండదు. చిన్న వైద్యశాలలకు యంత్రములకు మారుగా మంచి పట్టీలు, శుభ్రమైన డబ్బీలు, మంచుపెట్టెలు, నమూనాలను వేళకు చేర్చు మనుష్యులు లభింపవలెను.

యంత్రమును చూచి భయపడువారము కాము. యంత్రమును చూచి మురిసిపోవువారమును కాము. రాట్నమైనను, లేజరైనను, మనుష్యుని కాలమును మిగిల్చి మనుష్యునకే యిచ్చినపుడు అది సాధనము. ఆ కాలమును మ్రింగి అప్పును మిగిల్చినపుడు అది బరువు. ఈ యంత్రము ఏదియగునో నిర్ణయించునది దానిని చేసిన కోబె నగరము కాదు. దానిని నిలిపిన ఆసుపత్రి. కిటికీయొద్ద డబ్బీ నుంచి నిలువబడిన ఆ కూలివానికి ‘ఎల్లుండి రమ్ము’ అను మాటకు బదులు ‘కొంతసే పాగుము, ఇప్పుడే చెప్పెదము’ అను మాట వినబడిననాడు పెట్టిన ప్రతిరూపాయియు సార్థకము. అంతవరకు లెక్క ముగిసినది కాదు.